రెండేళ్ళ వీసా మీద ఉన్నవాడికి మొక్కెందుకు?

"రెండేళ్ళ వీసా మీద వచ్చినోళ్ళం. ఇయ్యాల ఈ క్యాంపు, రేపు ఏ క్యాంపో. మనకెందుకన్నా ఈ మొక్కలు, ఈ డబ్బాలు?"

ఈ మాట మన క్యాంపుల్లో తరచుగా వినపడుతుంది. సోనాపూర్‌లో విన్నాం, ముసఫ్ఫాలో విన్నాం, షార్జా సజ్జాలోనూ విన్నాం. అనేవాడిది తప్పని కొట్టిపారెయ్యలేం. పన్నెండు గంటల డ్యూటీ, రానూపోనూ రెండు గంటల బస్సు, మెస్సు దగ్గర లైను, బాత్‌రూం దగ్గర లైను. వీటి మధ్య కొత్తిమీరకు నీళ్ళు పొయ్యమంటే ఎవరికైనా చిరాకే. అయినా ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలని మాకు అనిపిస్తోంది. ఎందుకంటే ఈ మాట మొక్కల దగ్గర ఆగడం లేదు. "రెండేళ్ళే కదా, పక్క బంకువాడితో మనకేం పని" అనేదాకా పోతోంది. "దేవుడు ఊళ్ళో ఉన్నాడు, ఇక్కడేం పూజ, ఏం నమాజు, ఏం ప్రార్థన" అనేదాకా పోతోంది. చివరికి "నేను ఇక్కడ మనిషిని కాదు, వట్టి లేబర్ నంబరును" అనేదాకా పోతోంది. అక్కడే మాకు భయం వేస్తుంది.

మేము సైటు ఆఫీసుల్లో, క్యాంపు ఆఫీసుల్లో పనిచేసే గుమస్తాలం. ఇంటర్మీడియట్ దాకా చదువుకుని, టైపు నేర్చుకుని, అప్పు చేసే విమానం ఎక్కినవాళ్ళం. టైం షీట్లు, లీవు అప్లికేషన్లు, వీసా రెన్యువల్ కాగితాలు మా చేతుల మీదుగా పోతాయి. ఈ కాగితాలు మాకు నేర్పిన సంగతి ఒకటుంది. రెండేళ్ళకని వచ్చినవాడు రెండేళ్ళకు పోవడం అరుదు. మొదటి రెన్యువల్ అప్పు తీర్చడానికి, రెండోది చెల్లె పెళ్ళికి, మూడోది ఇంటి స్లాబుకు, నాలుగోది పిల్లల ఫీజులకు. చూస్తుండగానే పదేళ్ళు, పన్నెండేళ్ళు. ఒక మనిషి వయసులో ఉన్న కాలమంతా ఇక్కడే గడిచిపోతుంటే, ఆ కాలాన్ని లెక్కలో లేని కాలం అనుకోవడం ఎంతవరకు న్యాయం? అది కూడా మన బతుకే కదా. బతుకున్న చోట నమ్మకం కావాలి, నలుగురు మనుషులు కావాలి. ఆ రెండూ ఎలా వస్తాయో క్యాంపు వెనకాల నూనె డబ్బాల్లో పెరుగుతున్న మొక్కలు చెబుతున్నాయి.

ఇసుక చెప్పే పాఠం

చూసినవాళ్ళకు తెలుసు. రూముల వెనక ఏసీల కింద గోడ వెంబడి పదహారు లీటర్ల నూనె డబ్బాలు, పగిలిన బకెట్లు వరసగా ఉంటాయి. ఏసీ పైపు నుంచి చుక్క చుక్క పడే నీళ్ళు వాటికి ఆధారం. పుదీనా, మెంతికూర, కొత్తిమీర, తోటకూర, గోంగూర, మిరప. ఎక్కడో ఒకచోట కరివేపాకు, ఒక మునగ, ఒక తులసి.

కొత్తగా వచ్చినవాడు మొదట చేసే పని ఏమిటంటే, క్యాంపు ముందున్న ఇసుకను డబ్బాలో నింపి గింజలు చల్లడం. అవి మొలవవు. మొలిచినా నాలుగాకులు రాగానే అంచులు మాడిపోతాయి. "ఎడారిలో ఏం పండుతది" అని డబ్బాను కాలితో తన్నేస్తాడు. తప్పు ఎడారిది కాదు, ఉప్పుది. ఇక్కడి ఇసుకలో చాలాచోట్ల ఉప్పు ఉంటుంది. అందుకే తోటపని చేసేవాళ్ళు "మీఠా మట్టి" అని వేరే తెస్తారు. అది దొరకకపోతే డబ్బా అడుగున బెజ్జాలు పెట్టి, మంచినీళ్ళు పదే పదే పోసి, ఉప్పంతా కిందికి దిగిపోయేదాకా కడగాలి. ఏసీ నీళ్ళలో ఉప్పు ఉండదు కనుక కడగడానికి అవే మేలు. అయితే వాటిలో బలమూ ఉండదు. కాబట్టి కడిగిన ఇసుకలో మూడోవంతు పశువుల ఎరువు కలపాలి. అప్పుడు గింజ వెయ్యాలి.

కాలం కూడా చూడాలి. జూన్‌లో టమాట నాటినవాడు పూత చూస్తాడు గానీ కాయ చూడడు. ఎండ ముదిరితే టమాట పూత రాలిపోతుంది. ఇక్కడ మన విత్తనాల కాలం అక్టోబరు నుంచి మార్చి. మెంతులు ఇరవై అయిదు, ముప్పై రోజుల్లో కోతకు వస్తాయి. ధనియాలను రెండు బద్దలుగా నలిపి చల్లితే నలభై రోజుల్లో కొత్తిమీర. ఎండాకాలం వచ్చినా నిలబడేవి గోంగూర, తోటకూర, బచ్చలి లాంటివే. వాటికి కూడా మధ్యాహ్నం పూట నీడ కావాలి.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, నమ్మకం అనే మాటను మనం చాలా చౌకగా వాడుతున్నాం. "దేవుడు చూసుకుంటాడు" అని కాళ్ళు చాపుకోవడం నమ్మకం కాదు. ఏజెంటు మాట విని కాగితం చదవకుండా సంతకం చెయ్యడం అసలే నమ్మకం కాదు. ఇసుకను కడిగి, ఎరువు కలిపి, కాలం చూసి, గింజను కంటికి కనపడకుండా మట్టిలో దాచి, ఏమీ కనపడని నాలుగైదు రోజులు కూడా రోజూ నీళ్ళు పోస్తామే, అదీ నమ్మకం. చెయ్యాల్సింది మొత్తం చేసి, మన చేతిలో లేనిదాని కోసం ఓపిక పట్టడం.

మన రూముల్లో మూడు మతాలవాళ్ళం ఉన్నాం. ఏ మతం చూసినా ఈ సంగతి తోటపని భాషలోనే చెప్పింది. పని మీదే నీకు అధికారం, పండు మీద కాదని గీత చెబుతుంది. విత్తువాని ఉపమానంలో యేసు ప్రభువు నాలుగు రకాల నేల గురించి చెప్పాడు. బాటమీద పడ్డవి పక్షుల పాలు, రాతినేల మీద పడ్డవి ఎండ పాలు, ముళ్ళలో పడ్డవి ముళ్ళ పాలు, మంచినేలన పడ్డవి మాత్రం ఎన్నో రెట్లు పండాయి. ఒక ముస్లిం చెట్టు నాటితే, దాని నుంచి మనిషి తిన్నా, పశువు తిన్నా, పిట్ట తిన్నా అది నాటినవాడి పేర దానంగా జమ అవుతుందని ప్రవక్త చెప్పినట్టు హదీసులో ఉంది. రెండేళ్ళ తరువాత వెళ్ళిపోయేవాడికి ఇంతకన్నా పెద్ద జవాబు ఏం కావాలి? నువ్వు నాటిన కరివేపాకును నీ తరువాత ఆ బంకులోకి వచ్చేవాడు తాలింపులో వేసుకుంటాడు. నీకు ముందు ఆ రూములో ఉన్నవాడు నాటిపోయిన పుదీనాను నువ్వు ఇప్పుడు చాయ్‌లో వేసుకోవడం లేదా?

జమ్మి ఇక్కడా ఉంది

దసరా దగ్గరికి వచ్చింది కనుక ఒక మాట. ఇంటి దగ్గర జమ్మి ఆకును బంగారమని చేతిలో పెట్టి, పెద్దల కాళ్ళకు మొక్కి, తోటివాళ్ళను అలాయ్ బలాయ్ అని కౌగిలించుకుంటాం. ఆ రోజు క్యాంపులో బంకు మీద పడుకుని ఫోనులో ఊరి ఫొటోలు చూసుకుంటూ కళ్ళు తుడుచుకునే తమ్ముళ్ళు చాలామంది ఉన్నారు. "ఇక్కడ జమ్మి ఏడ దొరుకుతదన్నా" అంటారు.

సైటుకు పోయే దారిలో, ఇసుక మధ్యలో, ఒంటరిగా నిలబడి, కొమ్మలు కిందికి వాల్చుకుని ఉండే చెట్టును రోజూ బస్సు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాం. అరబ్బులు దాన్ని గాఫ్ అంటారు. ఆ గాఫ్, మన జమ్మి ఒక్కటే చెట్టు. పోలిక కాదు, వరస కాదు, ఒకే జాతి. ఈ దేశానికి అది జాతీయ వృక్షం. 2019ని ఇక్కడి ప్రభుత్వం సహన సంవత్సరంగా జరిపినప్పుడు గుర్తుగా పెట్టుకున్నది ఈ చెట్టునే. 2014లో తెలంగాణ రాష్ట్రం వచ్చాక రాష్ట్ర వృక్షంగా ఎంచుకున్నదీ ఈ చెట్టునే. పాండవులు అజ్ఞాతవాసానికి పోతూ ఆయుధాలు దాచుకున్నది జమ్మి మీదనే కదా. ఊరు విడిచి, పేరు దాచుకుని, పరాయి కొలువులో వంటవాడిగా, గుర్రాలవాడిగా, పశువుల కాపరిగా బతికిన కథ అది. ఆ కథ మనకన్నా బాగా ఎవరికి అర్థమవుతుంది?

ఈ చెట్టు నీళ్ళు లేనిచోట ఎలా బతుకుతుందంటే, మొలక దశలో పైకి పెరగడానికి తొందరపడదు. ముందు వేరు దించుతుంది. ముదిరిన చెట్టు వేళ్ళు ముప్పై మీటర్ల లోతు దాకా కూడా పోతాయని చెబుతారు. పైన చూసేవాడికి అది జానెడు మొక్క. కింద జరిగే పని ఎవరికీ కనపడదు. మొదటి రెండేళ్ళు మన సంపాదన కూడా ఎవరికీ కనపడదు, అప్పులోకే పోతుంది. అంతమాత్రాన ఎదుగుదల లేదని కాదు.

ఒక్క జాగ్రత్త. పండుగని చెప్పి గాఫ్ కొమ్మలు విరవకండి. ఆ చెట్టుకు ఇక్కడ చట్టం రక్షణ ఉంది. రాలిన ఆకు చాలు. లేదా చెట్టు దగ్గరికి పోయి నలుగురూ నిలబడి దండం పెట్టుకుని, అక్కడే అలాయ్ బలాయ్ ఇచ్చుకుంటే ఎవరు కాదంటారు?

నీళ్ళ వంతు

నమ్మకం ఒక్కడిలో పుట్టవచ్చు. సంఘం ఒక్కడితో పుట్టదు. ఇది నేర్పేది నీళ్ళు.

అల్ ఐన్‌లో ఖర్జూర తోటలు చూసినవాళ్ళు అక్కడి కాలువలు కూడా చూసి ఉంటారు. ఫలజ్ అంటారు. భూమి లోపల నుంచి సొరంగంలా తవ్వి, మోటారు లేకుండా, వాలు మీదనే నీళ్ళను తోటల దాకా తెచ్చే పద్ధతి. ఆ ప్రాంతంలో దాదాపు మూడువేల ఏళ్ళ నాటి ఫలజ్‌లు బయటపడ్డాయి. ఈ పద్ధతిని 2020లో యునెస్కో మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. గొప్పతనం తవ్వకంలోనే కాదు, పంపకంలో ఉంది. ఏ తోటకు ఎంతసేపు నీళ్ళనేది వంతు. పగలు నీడను బట్టి, రాత్రి చుక్కలను బట్టి లెక్క. ఆ లెక్క చూసేందుకు అరీఫ్ అనే పెద్దమనిషి. మన ఊళ్ళల్లో చెరువు తూము కాడ నీరటికాడు చేసింది ఇదే పని. సీమవైపు నీరుగంటి అంటారు. ఎడారి మనిషికి, మెట్టపొలం మనిషికి ఒకే బుద్ధి పుట్టింది. నీళ్ళు తక్కువున్నచోట కొట్లాటైనా ఉండాలి, వంతైనా ఉండాలి. వాళ్ళూ మన పెద్దలూ వంతునే ఎంచుకున్నారు.

మాకు తెలిసిన ఒక క్యాంపులో ఈ వంతును ఒక పాత క్యాలెండరు వెనక రాసి గోడకు అంటించారు. ఎనిమిది రూములు, వారానికి ఏడు రోజులు, ఎనిమిదో రూముకు మరుసటి వారం మొదటి రోజు. నైటు షిఫ్టు వాళ్ళది పొద్దున, డే షిఫ్టు వాళ్ళది రాత్రి. ఎవరైనా లీవు మీద ఊరికి పోతే అతని వంతు పక్క రూముది. వచ్చేటప్పుడు అతను పచ్చడి డబ్బా తెచ్చి ఆ బాకీ తీర్చాలి. ఇంతే రాజ్యాంగం. ఆ క్యాంపులో బాత్‌రూం లైను కొట్లాటలు కూడా తగ్గాయని అక్కడి వాచ్‌మన్ చెబుతాడు. వంతు అనే మాట ఒకచోట అలవాటైతే రెండోచోటికి దానంతట అదే పోతుంది.

ఆ క్యాంపులోనే కిందటి చలికాలంలో ఇంకోటి జరిగింది. జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక స్టీల్ ఫిక్సరు రెండు రోజులు డ్యూటీకి రాలేదు. అతని రూములో వాళ్ళను వేరే సైటుకు మార్చారు. కొత్తవాళ్ళు ఇంకా రాలేదు. టైం షీటులో అతని పేరు ఎదురుగా రెండు గడుల్లో 'ఏ' పడింది. ఏ అంటే ఆబ్సెంట్. ఎందుకు రాలేదని అడిగే గడి ఆ కాగితంలో లేదు. రెండోరోజు రాత్రి కోనసీమ నుంచి వచ్చిన ఒక షట్టరింగ్ కార్పెంటరు తన వంతు నీళ్ళు పోస్తూ ఆ ఫిక్సరు డబ్బాలో పుదీనా తలవాల్చి ఉండడం చూశాడు. ఆ మనిషి తన డబ్బాకు వంతుతో పని లేకుండా రోజూ తానే నీళ్ళు పోసుకుంటాడని ఇతనికి తెలుసు. పోయి తలుపు కొట్టాడు. పలకలేదు. వాచ్‌మన్‌తో తీయించి చూస్తే జ్వరంతో, షుగరు పడిపోయి, మాట రాని స్థితిలో ఉన్నాడు. ఆసుపత్రికి తీసుకుపోయారు, బతికాడు. ఇద్దరిదీ ఒక జిల్లా కాదు, ఒక యాస కాదు, ఒక మతం కూడా కాదు. వాళ్ళ మధ్య ఉన్న బంధుత్వం ఒక పుదీనా డబ్బా.

రూములోనే పోయి, తెల్లారాక గానీ తెలియని మనుషుల కాగితాలు కూడా మా చేతుల మీదుగా పోయాయి. అందుకే మొక్కల గురించి ఇంత రాస్తున్నాం.

ఏది చెడగొడుతోంది?

తోటను పురుగు ఎంత చెడగొడుతుందో, సంఘాన్ని మాట అంత చెడగొడుతుంది. ఈ మధ్య ఊరి నుంచి ఫోనుల్లోకి వచ్చి పడే మెసేజులు చూస్తున్నాం. ఫలానా మతంవాడితో తినొద్దు, ఫలానా కులంవాడిని నమ్మొద్దు, ఫలానా ప్రాంతంవాడు మోసగాడు. పంపేవాడు ఊళ్ళో తన ఇంట్లో తన మంచం మీద పడుకుని పంపుతాడు. చదివేవాడు మాత్రం ఆ ఫలానావాడి పై బంకులో పడుకుంటాడు. రేపు సైటులో పరంజా మీద నిలబడ్డప్పుడు కింద పైపు పట్టుకునేది ఆ ఫలానావాడే.

ఒక క్యాంపులో తులసి డబ్బా పెట్టడం మీద గొడవ వచ్చింది. "ఇది అందరి గోడ, ఒకరి దేవుడి గోడ కాదు" అని ఒకరు, "మా తులసిని తీస్తే ఊరుకోం" అని ఇంకొకరు. చివరికి కడప నుంచి వచ్చిన ఒక పెద్ద వయసు మేస్త్రీ, అయిదు పూటలా నమాజు చేసే మనిషి, ఆ డబ్బాను తెచ్చి తన పుదీనా పక్కన పెట్టుకున్నాడు. "దగ్గు వస్తే ఇద్దరం దీని ఆకే కదప్పా కషాయం కాచుకునేది" అన్నాడంతే. గొడవ అక్కడితో సరి. మతం మీద ఉపన్యాసాలు వెయ్యి విన్నా ఇంత పని జరగదు.

"నాది, నీది" అనే జబ్బు కూడా ఉంది. అడగకుండా ఒకడు కొత్తిమీర కోసుకుపోతాడు, రెండోవాడు కోపంతో డబ్బానే పీకేస్తాడు. దీనికి మందు రెండు వరసలు. ఒక వరస సొంతానిది, పేరు రాసుకోవచ్చు. ఇంకో వరస అందరిది, అడగకుండా కోసుకోవచ్చు. కానీ వేరుతో పీకకూడదు, కొసలు తుంచాలి. అందరి వరసలో కరివేపాకు, పుదీనా, గోంగూర లాంటివి పెట్టాలి. అవి తుంచినకొద్దీ చిగురు వేస్తాయి.

"ఏసీలో కూర్చుని చెబుతున్నారు"

ఇది చదివి కొందరు ఇలా అంటారని మాకు తెలుసు. నిజమే, మాకు ఆఫీసులో ఏసీ ఉంది. ఎండలో ఇనుము మోసినవాడి అలసట మాకు పూర్తిగా తెలుసని మేము అనం. అందుకే రోజూ అరగంట పని చెయ్యమని చెప్పడం లేదు. ఎనిమిది రూములు కలిస్తే ఒక్కొక్క రూముకు వారానికి ఒకటి రెండు సార్లు పది నిమిషాలు. ఫోనులో ఒక సినిమా పాట వినేంత సేపు, ఇంకో పాట కలిపి.

మరొకరు అంటారు, "జీతం రెండు నెలలు ఆపితే పుదీనా తిని బతకాలా" అని. ఇది గట్టి ప్రశ్న. మొక్క హక్కుకు బదులు కాదు. ఇక్కడ 2009 నుంచి జీతాలను బ్యాంకులు, ఎక్స్చేంజీల ద్వారానే వేసే పద్ధతి తెచ్చారు. జీతం ఆగితే కార్మిక శాఖకు ఫిర్యాదు చేసుకునే వీలుంది. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించకూడదనే నియమం ఉంది. కష్టం వస్తే దుబాయ్‌లోని మన కాన్సులేటు తరఫున ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది. ఇవి వాడుకోవాలి. కానీ ఒక్కడే పోయి అడగడానికి, పదిమంది కలిసి అడగడానికి తేడా ఉంది. పక్క రూమువాడి పేరు కూడా తెలియని క్యాంపులో పదిమంది కలవరు. నీళ్ళ వంతు కోసం కలిసినవాళ్ళు జీతం మాట మాట్లాడటానికి కూడా కలుస్తారు.

ఈ వారమే మొదలుపెట్టవచ్చు

ఎండలు తగ్గాయి. ఇదే అదను. పెద్ద ఖర్చు లేదు. మెస్సు వంటవాడిని అడిగితే ఖాళీ నూనె డబ్బాలు ఇస్తాడు. రసాయనాలు, పెయింటు ఉన్న డబ్బాలు మాత్రం తినే మొక్కలకు వద్దు. గింజలు కూడా వంటింట్లోనే ఉన్నాయి. మెంతులు, ధనియాలు, ఎండుమిర్చి గింజలు. పుదీనా కట్ట కొన్నప్పుడు నాలుగు కాడలు నీళ్ళ గ్లాసులో పెడితే వారం పది రోజుల్లో వేళ్ళు వేస్తాయి. ఊరి నుంచి వచ్చేటప్పుడు అనుమతి కాగితాలు లేకుండా మొక్కలు, మట్టి సామానులో పెట్టుకుని రాకండి. విమానాశ్రయంలో ఇబ్బంది. డబ్బాల కింద నీళ్ళు నిలవనివ్వకండి, దోమలు పుడతాయి. నడిచే దారికి, మంటలార్పే సామానుకు అడ్డం పెట్టకండి. క్యాంపు బాసు అనుమతి ముందే తీసుకోండి. తీసుకున్నాక మాటమీద వదిలెయ్యకుండా ఒక కాగితం రాయించుకోండి. అప్లికేషను రాయడం రాకపోతే మీ క్యాంపు గుమస్తాను అడగండి. ఆ పని మాది.

కంపెనీల పెద్దలకు కూడా ఒక మాట. తనిఖీలు వచ్చే ముందు రోజు శుభ్రం పేరు మీద ఈ డబ్బాలన్నీ ఎత్తి చెత్తబండిలో వేయించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. నలభై రోజులు పెంచినదాన్ని నాలుగు నిమిషాల్లో పారేస్తే ఆ మనుషులు మరుసటి రోజు ఏ మనసుతో పనికి వస్తారు? గోడ వెంబడి పది అడుగుల జాగా గీత గీసి ఇవ్వండి. ఏసీ నీళ్ళు ఎలాగూ పారిపోయేవే. శుభ్రంగా పెట్టుకునే పూచీ రూములవాళ్ళది.

అన్నలారా, తమ్ముళ్ళారా, ఈ సెలవునాడు ఒక్క డబ్బా పెట్టండి. ఒక్కరే పెట్టకండి, మీతో ఇంతవరకు మాట్లాడని పక్క రూమువాణ్ణి పిలిచి పెట్టండి. మీ వీసా ఇంకా ఆరు నెలలే ఉన్నా పెట్టండి. మెంతికూరకు ముప్పై రోజులు చాలు.